ఒక్కో హాస్టలుకి ఒక్కో వకీలు
(సంఘం సభలో న్యాయవాదులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

మేము హాస్టళ్ళు నడిపేవాళ్ళం, చట్టం చదివినవాళ్ళం కాదు. అయినా జూన్ నెల వచ్చిందంటే మా బల్ల మీద సగం కాగితాలు వకీలు చూడవలసినవే. బడి రికార్డులో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. తండ్రి ఇంటిపేరు రెండు చోట్ల రెండు రకాలు. చెరువు గట్టు మీద పాకలో పుట్టిన పిల్లకు జనన ధ్రువపత్రమే ఉండదు. ఏడాది దాటిన జననం నమోదు చేయాలంటే ఇదివరకు చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణతో ఆ అధికారం రెవెన్యూ యంత్రాంగానికి వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి పుట్టిన తేదీ రుజువుగా ఆ పత్రమే ఆధారం. ఈ మార్పు సంగతి లంకల్లో బతికే తల్లికి ఎవరు చెబుతారు?

కుల ధ్రువపత్రం సంగతీ అంతే. మనం ఏజెన్సీ వాళ్ళం కాదు, మైదానంలో ఊరికి నాలుగిళ్ళుగా చెదిరి ఉన్నవాళ్ళం. పత్రం ఇవ్వలేమంటే తలొంచుకుని తిరిగి వచ్చేస్తాం. 1993 నాటి 16వ నంబరు చట్టంలో అప్పీలుకు దారి ఉంది. దానికి గడువూ ఉంది. గడువు దాటిపోయాక మాకు తెలుస్తుంది.

ఇక స్టేషను. ఎరుకల వారి మీద తెల్లదొరలు వేసిన నేరస్థ తెగ ముద్ర 1952లో చట్టం రద్దుతో కాగితం మీద పోయింది. కాని ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఎవరి పాక వైపు చూస్తారో ఈ సభలో ఉన్న పెద్దలకు చెప్పనక్కర్లేదు. పట్టుకున్న మనిషిని ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం అంటుంది. ఆ మాట స్టేషనులో అడగగలిగేది నల్లకోటు మనిషే.

ఉచిత న్యాయం ఎవరో పెట్టే భిక్ష కాదు. రాజ్యాంగంలో 39-ఏ అధికరణం 1976లో చేరింది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుంచి అమలైంది. దాని ప్రకారం షెడ్యూల్డు తెగల వారికి, షెడ్యూల్డు కులాల వారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయం ఎంతన్న ప్రశ్నే లేదు. 1986లో అరుణాచల్‌కు చెందిన సుక్ దాస్ కేసులో, వకీలు లేకుండా పడిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది. అతను వకీలు కావాలని అడగలేదు కదా అనడం చెల్లదని చెప్పింది. అడగడం కూడా తెలియని వాడే పేదవాడని ఆ తీర్పు గుర్తించింది.

మరి కమిటీలు ఉండగా మిమ్మల్ని ఎందుకు అడుగుతున్నాం? కమిటీ గుమ్మం దాకా మనిషి రావాలి కదా. రాజోలు అవతలి లంక నుంచి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అదీకాక మా గొడవలు చాలావరకు కోర్టుకు చేరకముందే ఓడిపోయేవి. అడ్వాన్సు తీరలేదని కుటుంబాన్ని చెరువు దగ్గరే ఆపేస్తే, 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి అప్పునే కొట్టేసిందని ఆ యజమానికి ఒక్క వకీలు ఒక్క ఉత్తరం రాస్తే చాలు.

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పిల్లలకు బస్సు ఖర్చే బరువని మాకు తెలుసు. అన్ని కేసులూ ఊరికే చూడమనడం లేదు. తమ స్థోమత మేరకు పేదలకు ఉచితంగా సాయపడటం వకీలు సమాజానికి చేయవలసిన గొప్ప బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ నియమాలే అంటున్నాయి. గణితం పాఠాలు చెప్పిన బాలగోపాల్ గారు తర్వాత లా చదివి, 2009లో కన్నుమూసేదాకా పేదల తరఫున వాదించారు. మేము అంత అడగడం లేదు. మూడే అడుగుతున్నాం.

ఒకటి, ఒక్కో హాస్టలును ఒక్కో వకీలు తీసుకోండి. నెలకు ఒక ఆదివారం రండి. తల్లిదండ్రులు ఎలాగూ ఆ రోజే పిల్లల్ని చూడటానికి వస్తారు. రెండు, జూన్‌లో ఒక పూట కూర్చుని పిల్లల కాగితాలు సరిచూడండి. మూడు, రాత్రి పూట ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వండి.

మన వాళ్ళకు కూడా ఒక మాట. ఊరికే వచ్చిన వకీలు సరిగా చూడడని అనుకోవద్దు. చెప్పిన వాయిదాకు వెళ్ళండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 15100 నంబరు పిల్లల నోట్సు అట్ట మీద రాయించండి. ఆ నంబరుకు ఫోన్ చేయడానికి డబ్బు కట్టనక్కర్లేదు. మీ అమ్మాయి ఇంటర్ అయ్యాక లా చదువుతానంటే వద్దనకండి.

వకీలు గార్లకు చివరి మనవి. ద్వారం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. అందులో హాస్టళ్ళ పేర్లు రాసి, పక్క గడి ఖాళీగా ఉంచాం. వెళ్ళేటప్పుడు మీ పేరు, నంబరు అందులో రాసి వెళ్ళండి. వచ్చే ఆదివారం మేము ఎదురుచూస్తుంటాం.