తుక్కు నుంచి లేత్

లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రమైన లేత్‌ను కొనే స్తోమత లేనివాళ్లు దాన్ని సొంతంగా చేసుకోగలరా? చేసుకోగలరని అమెరికాకు చెందిన డేవిడ్ జింజరీ 1980లలో వరసగా పుస్తకాలు రాసి చూపించారు. ఆయన ముందుగా కట్టుకోమన్నది బొగ్గుల కొలిమి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కాబట్టి తుక్కును పెరట్లోనే కరిగించి ఇసుక అచ్చుల్లో పోయవచ్చు. అచ్చులో తడి ఎక్కువైతే మాత్రం ఆవిరి పుట్టి, కరిగిన లోహం ఎగజిమ్ముతుంది. ఇక్కడ ఏమరుపాటు అస్సలు పనికిరాదు.

అలా పోతపోసిన లేత్ అడుగుభాగం (బెడ్) మీద ఉక్కు పట్టీ బిగిస్తారు. అసలు పనితనమంతా ఆ పట్టీని చదును చేయడంలోనే ఉంది. చదునైన పలకకు నీలిరంగు పలచగా పూసి పట్టీకి ఆనించి రుద్దితే, ఎత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది. ఆ మచ్చలను మాత్రమే స్క్రేపర్‌తో గీకాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ గీకాలి. మచ్చలు పట్టీ అంతటా దగ్గరదగ్గరగా పడేదాకా ఇదే పని. చాలా నెమ్మదైన పని, కానీ ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి మరొకటుంది. సగం తయారైన లేత్ మీదే దాని మిగతా భాగాలు కొన్ని తయారవుతాయి. తర్వాత షేపర్, మిల్లింగ్ మెషిన్ చేసుకోవడానికీ అదే ఆధారం.