రాని వ్యాధికి పద్దు లేదు



రోగము వచ్చిన పిదప మందు వెదకుట ఒక విద్య. రాకుండ చూచుకొనుట మరియొక విద్య. మొదటిదానికి గల కీర్తి రెండవదానికి లేదు. చావు బ్రతుకులలోనున్న బిడ్డను దక్కించిన వైద్యుని ఊరంతయు కొనియాడును. ఆ బిడ్డకు రోగమే సోకకుండ సూది వేసిపోయిన నర్సమ్మ పేరు ఎవ్వరికిని జ్ఞాపకముండదు. పహాణీలో సాగైన భూమి వ్రాయుదురు, పడావు పడినది వ్రాయుదురు. రాని తెగులును, తప్పిన వరదను వ్రాయుటకు అందులో గడియే లేదు. టీకాల సంగతియు అట్టిదే. ఖర్చు కంటికి కనబడును, బిడ్డకు వచ్చిన ఒకనాటి జ్వరము కనబడును, తప్పిన చావు మాత్రము కనబడదు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయము జనపదోద్ధ్వంసమును గూర్చినది. దేహతత్త్వములు వేరు, ఆహారములు వేరు, వయస్సులు వేరు అయిన జనులందరు ఒకే కాలమున ఒకే వ్యాధిచే ఏల నశించుచున్నారని అగ్నివేశుడు గురువును ప్రశ్నించును. గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును అందరికిని ఉమ్మడివి, అవి చెడినపుడు ఊరే చెడునని ఆత్రేయుని సమాధానము. కౌటిల్యుడును అర్థశాస్త్రమున అగ్ని, వరద, క్షామములతో పాటు వ్యాధిని రాజ్యమునకు కలుగు దైవోపద్రవములలో చేర్చెను. అనగా అంటువ్యాధి ఒక ఇంటి వ్యవహారము కాదనియు, ఊరుమ్మడి వ్యవహారమనియు పూర్వులు గుర్తించిరి. సూక్ష్మజీవి వారికి తెలియదు; ఉమ్మడితనము తెలియును.

ఈ ఉమ్మడితనమును కన్నులకు కట్టినట్లు చూపు స్థలము హైదరాబాదు పాతబస్తీ. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును కట్టించినది ఒక మహామారి శమించిన సంతోషమున అని ఐతిహ్యము. హిజరీ వేయవ సంవత్సరమునకు గుర్తుగా కట్టించెనని మరికొందరందురు. చరిత్రకారుల తగవు తెగునంత వరకు మనమాగనక్కరలేదు. ఆ నగరమునకు నడిబొడ్డున నిలిచిన కట్టడమును చూచి జనులు నాలుగు వందల యేండ్లుగా రోగభయమును తలచుకొనుచున్నారనుటయే ఇచట ముఖ్యము. ఆషాఢమున లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళికి ఎత్తు బోనముల వెనుకను ఇట్టి జ్ఞాపకమే గలదు. 1813 ప్రాంతమున జంటనగరములలో గత్తర చెలరేగినదనియు, ఉజ్జయినిలోనున్న సైనికులు తమ ఊరు చల్లగా నుండవలెనని మహంకాళికి మ్రొక్కుకొనిరనియు బోనముల కథగా చెప్పుకొందురు. బోనపు కుండకు వేపమండలు కట్టుట, పసుపు పూయుట నేటికిని చూచుచున్నాము. ఒకే బస్తీలో ఒకరు మీనారును, ఒకరు బోనమును చూచి తలచుకొనునది ఒకే భయము.

ఆ భయములలో పెద్దది మశూచి. తెలంగాణపు పల్లెలలో ఆ పేరు పలుకుటకే జంకి ‘తల్లి పోసినది’ అనెడివారు. బ్రతికినవారికి ముఖము నిండ మచ్చలు, కొందరికి కన్నులు పోవుట. ఇంగ్లండున ఎడ్వర్డ్ జెన్నరు 1796లో ఎనిమిదేండ్ల బాలునికి గోమశూచి రసి ఎక్కించి, అది మశూచికి అడ్డుపడునని చూపెను. లాటిను భాషలో ఆవును ‘వాక్కా’ అందురు. ‘వాక్సిన్’ అను మాట అందుండి వచ్చినదే. 1802లో బొంబాయిలో మూడేండ్ల బాలికకు ఆ టీకా వేసిరి. మన దేశమున అదియే మొదలు. అంతకు ముందే వంగదేశమున టీకాదారులనువారు మశూచి రసినే కొంచెముగా ఎక్కించుచు ఊరూర తిరిగెడివారు. మనము వాడు ‘టీకా’ శబ్దము అచటిది. (పద్యమునకు వ్రాయు టీక వేరు, అది లేకున్నను పద్యమునకు ప్రాణభయము లేదు.)

మశూచిపై టీకా వచ్చిన తరువాత కూడ నూట డెబ్బది యేండ్లు ఆ రోగము దేశమును విడువలేదు. కారణము మందు లేకపోవుట కాదు, మందు అందరికి చేరకపోవుట. 1970ల నాటికి పద్ధతి మార్చిరి. ఇల్లిల్లు తిరిగి రోగిని కనిపెట్టుట, ఆ రోగి చుట్టునున్నవారందరికి వెంటనే టీకా వేయుట, కోటకు కందకము త్రవ్వినట్లు రోగమును చుట్టుముట్టుట. 1975 మే నెలలో అస్సాములో కనబడినది భారతదేశపు చివరి కేసు. 1980 మే 8న ప్రపంచమున మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఈ సభలో తల నెరసినవారు అంగీ చేయి పైకి మడచినచో ఆ టీకా మచ్చ కనబడవచ్చును. పిన్నలకు ఆ మచ్చ లేదు, దాని అవసరమే లేకపోయినది.

అయితే వ్యాధినివారణ సూదిలోనే ఉన్నదనుకొనుట పొరపాటు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను తీసికొనిపోయినది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి నగరమును కాపాడు యోచన చేసిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు సిద్ధమైనవి. వరదను ఆపుటకు తలపెట్టిన పని త్రాగునీటిని కూడ తెచ్చినది. పాతబస్తీ వృద్ధులు గండిపేట నీటిని ఎంతగా మెచ్చుకొందురో వినినవారికి తెలియును. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ప్లేగు మాటిమాటికి వచ్చి భయపెట్టినందున ఇరుకు పేటలను విడదీయుటకు నగరాభివృద్ధి మండలి 1912లో ఏర్పడినది. గాలి, నీరు, నేల అని ఆత్రేయుడు లెక్కించినవాటినే ఇంజనీర్లు బాగుచేసిరి. మలేరియా క్రిమి దోమ కడుపులోనున్నదని రొనాల్డ్ రాసు సికింద్రాబాదులో కనిపెట్టినది 1897 ఆగస్టు 20న. ఇంటి వెనుక నీటిగుంట పూడ్చుటయు వైద్యమేనని ఆనాడు ఋజువైనది.

ఇక మన కాలపు సంగతి. మన దేశమున పల్స్ పోలియో 1995లో ఆరంభమైనది. 2011 జనవరి తరువాత స్వతఃసిద్ధ పోలియో క్రిమి వలన ఒక్క బిడ్డకును కాలు చచ్చుబడలేదు. 2014 మార్చి 27న దేశమునకు పోలియోరహితమను యోగ్యతాపత్రము వచ్చినది. ఆ తరువాత రెండేండ్లకు, 2016లో, మూసీ ఒడ్డునున్న అంబర్‌పేట మురుగునీటిని పరీక్షింపగా రెండవ రకపు పోలియో క్రిమి బయటపడినది. బిడ్డ ఎవ్వరును పడిపోలేదు. రోగి లేకుండగనే మురుగు సాక్ష్యమిచ్చినది. ఆ క్రిమి నోటి చుక్కల మందులోని బలహీనమైన క్రిమి నుండి మారినది. ఈ మాట విన్నవెంటనే ‘చూచితిరా, మందే రోగమును తెచ్చినది’ అనువారుందురు. వారికి సమాధానము దాచనక్కరలేదు. చుక్కలలో బ్రతికియున్న బలహీన క్రిమి యుండుట నిజము. అందరు బిడ్డలును మందు పుచ్చుకొన్న చోట అది కొద్దికాలము తిరిగి అణగిపోవును. మందు పడని బిడ్డలు ఎక్కువగా నున్న చోట ఒకరి నుండి ఒకరికి చాలకాలము ప్రాకుచు మరల బలము తెచ్చుకొనగలదు. అందుచేతనే 2016 ఏప్రిల్ 25న రెండవ రకమును చుక్కల నుండి తొలగించి, చచ్చిన క్రిమితో చేసిన సూది మందును దేశమంతట ప్రవేశపెట్టుచుండిరి. మురుగులో క్రిమి దొరకగానే ఆ జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో మూడు లక్షలకు పైబడిన బిడ్డలకు ఒక వారములో ఆ సూది వేసిరి. ప్రపంచమున ఆ మందునకు కొరతగా నున్నందున పూర్తి మోతాదులో అయిదవ వంతును చర్మములో ఎక్కించిరి. ఇది పొదుపు కొరకు చేసిన మోసము కాదు. చర్మములో వేసినచో కొంచెముతోనే పని జరుగునని పరీక్షించి చేసినది.

పోలియో కథ వినుటకు బాగున్నది. కంఠసర్పి కథ అట్లు లేదు. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరికి అడ్డుపడును. దాని విషము గుండెకును నరములకును ఎక్కును. దీనికి టీకా వచ్చి దాదాపు నూరేండ్లైనది. అయినను 2003 నుండి 2006 వరకు హైదరాబాదులో ఆ రోగమును పరిశీలించినవారికి అది పోలేదని తేలినది. అందు గమనింపవలసిన విశేషము, రోగము పసికందులకంటె అయిదు మొదలు పందొమ్మిదేండ్ల వయసువారిలో ఎక్కువగా నుండుట. ఆడువారిలోను, ముస్లిములలోను ఎక్కువ కనబడినది. నాలుగు మోతాదులు, ఆ పైన తీసికొన్నవారికి టీకా చక్కగా పనిచేసినది. కాని తరువాతి మోతాదులు తీసికొన్నవారే తక్కువ. తల్లి పొత్తిళ్ళలోని బిడ్డను మూడు మార్లు తీసికొనిపోవును. బిడ్డ నడువ నేర్చి, బడికి పోవునప్పటికి కార్డు పెట్టె అడుగున పడియుండును. శిస్తు మూడు కిస్తీలు కట్టి నాలుగవది మరచిన రైతు పేర బకాయి వ్రాయబడును. ఈ బకాయిని వసూలు చేయుటకు వచ్చువాడు తహసీలుదారు కాడు.

భారతము ఆదిపర్వమున పరీక్షిత్తు కథ ఇచట తలపునకు రాకమానదు. ఏడు దినములలో తక్షకుని విషముచే చచ్చునని శాపము పుట్టగా ఆ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించెను, మంత్రవేత్తలను, మందులను చుట్టును నిలిపెను. తక్షకుడు పండులోని చిన్న పురుగై లోనికి పోయెను. అందులో మరియొక ముక్క గలదు. విషమును విరుపగల కశ్యపుడను బ్రాహ్మణుడు రాజును బ్రతికించుటకై బయలుదేరెను గాని, తక్షకుడు దారిలో ధనమిచ్చి మరలించెను. కంఠసర్పికిని ప్రతివిషము గలదు. గుఱ్ఱముల రక్తము నుండి తీయుదురు. రోగము అరుదైనందున దానిని చేయువారు తగ్గిరి, వలసిన దినమున దొరకని సందర్భములు దేశమున కలిగినవి. చికిత్సను నమ్మి నివారణను విడుచుట కశ్యపుడు తప్పక వచ్చునని కూర్చుండుట వంటిది.

హైదరాబాదు విషయమున ఒక విచిత్రము చెప్పక తప్పదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారు కామెర్లు తెచ్చు హెపటైటిస్-బి వ్యాధికి దేశమున తయారైన టీకాను అక్కడి నుండియే వెలువరించి, సామాన్యునికి అందని ధరను దించిరి. 2021లో కోట్లమందికి వేసిన కోవాక్సిన్ తయారైనది శామీర్‌పేట ప్రాంతపు జినోమ్ వ్యాలీలో. లోకమునకు మందు పంపు నగరమునకు, దాని గల్లీలలోనే అయిదేండ్ల బిడ్డకు ఒక సూది చేర్చుట కష్టమగుచున్నది. దీపము క్రింది చీకటి అన్నమాట. దీనికి మతమును నిందించుట సులభము. నిజము చాలవరకు రోజుకూలి, ఇరుకు ఇల్లు, మాటిమాటికి మారు అద్దెకొంప, బిడ్డను తీసికొనిపోవుటకు అనుమతి అడుగవలసిన కోడలు. పల్లెలలో ఇవి లేవా? బిడ్డకు జ్వరము వచ్చునేమోనని రెండవ సూది మాన్పించు అత్తగారు ప్రతి వాడలోను ఉన్నారు. ఆ జ్వరము సాధారణముగా ఒకటి రెండు దినములలో పోవును. అంతకంటె ఎక్కువైనచో దవాఖానకు చూపవలెను.

ఆఱు, పది, పదునాలుగు వారముల సూదులు అందరికి తెలిసినవే. మరచునవి ఆ తరువాతివి: పదునాఱు మొదలు ఇరువది నాలుగు నెలల లోపున ఒకటి, అయిదాఱేండ్లకు ఒకటి, పదియేండ్లకు ఒకటి, పదునాఱేండ్లకు ఒకటి. కడపటి రెండును ధనుర్వాతమునకును కంఠసర్పికిని కలిపి వేయుదురు. ఆడపిల్లలకును మగపిల్లలకును సమానమే. ప్రభుత్వ దవాఖానలో వీటికి పైసా పుచ్చుకొనరు. నడుమ ఒక మోతాదు తప్పినచో మొదటినుండి మరల వేయించుకొనవలెనని కొందరు భయపడి అసలే మానుచున్నారు. అది అక్కరలేదు. ఆగిన చోటినుండి సాగింతురు. కార్డు పోయినను బిడ్డను తీసికొనిపోవచ్చును.