నోరు లేని సాక్షి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సాహిత్యంలో, టీవీలో కుక్క పాత్రల గురించి మాట్లాడతానంటే మన కార్యవర్గ మిత్రులు నవ్వారు. ఇంకే విషయమూ దొరకలేదా అన్నారు. ఈ బడి నాకిచ్చిన విషయం ఇదే. ఎలాగో చివర్లో చెబుతాను.

చిన్న తరగతుల్లో అందరం సుమతీ శతకం వల్లెవేసినవాళ్లమే. బంగారు సింహాసనం ఎక్కించినా కుక్కకు పాత గుణం పోదని అందులో చదువుకున్నాం. అక్కడ కుక్క నీచుడికి పోలిక మాత్రమే, పాత్ర కాదు. కుక్కకూ ఒక తల్లి ఉంటుందని, ఆ తల్లికి కడుపుకోత ఉంటుందని నాకు తెలిసింది తొమ్మిదో తరగతిలో, నన్నయ గారి ఆదిపర్వం వల్ల.

సరమ దేవతల కుక్క. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దాని బిడ్డ వెళితే రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. ఆ పిల్ల హవిస్సు ముట్టలేదు. అటు చూడనైనా లేదు. సరమ నేరుగా రాజు దగ్గరకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. అనుకోని భయం నీకు ముంచుకొస్తుందని శపించి వెళ్లింది. అంతటి చక్రవర్తీ ఆ మాటకు భయపడి, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు.

ఈ పాఠం చెబుతూ మన తెలుగు మాస్టారు ఆగి, "కొట్టింది తమ్ముళ్లు కదరా, శాపం అన్నకెందుకు?" అని అడిగారు. ఎవరమూ చెప్పలేకపోయాం. సరమ అడిగినప్పుడు అక్కడున్నవాళ్లు నోరు మెదపలేదని వ్యాసభారతంలో ఉందని ఆయనే చెప్పారు. "కొట్టడం ఒక తప్పు. అడిగితే పలకకపోవడం రెండో తప్పు" అన్నారు. ఆ రోజు నేను తల ఎత్తలేదు.

తర్వాత ఏ కుక్క కథ చదివినా, చూసినా నాకు అదే ప్రశ్న ఎదురైంది. కుక్కకు ఎలాగూ నోరు లేదు. పక్కనున్న మనిషి నోరు విప్పాడా, లేదా?

ఎరిక్ నైట్ 1940లో రాసిన లాసీ నవల ఉంది. గని పని పోయి, ఇల్లు గడవక తండ్రి కుక్కను అమ్మేస్తాడు. కొన్నవాళ్లు దాన్ని స్కాట్లండ్ తీసుకుపోతారు. అది వందల మైళ్లు నడిచి తిరిగి వస్తుంది. ఎక్కడికో తెలుసా? పిల్లవాడు చదివే బడి దగ్గరకు! రోజూ సాయంత్రం నాలుగింటికి వాడి కోసం అది అక్కడే కాచుకునేది మరి. ఆ లాసీ పేరుతోనే అమెరికా టీవీలో 1954 నుంచి 1973 దాకా సీరియల్ నడిచింది. కథలో అది ఆడకుక్క, తెర మీద వేషం కట్టినవి మాత్రం మగకుక్కలు.

మన టీవీలో ఒక సెల్‌ఫోన్ ప్రకటన వచ్చింది. పిల్లవాడు ఎక్కడికి వెళితే అక్కడికి పగ్ కుక్క వెంటపడేది. దేశమంతా ముచ్చటపడింది, చాలామంది కొనుక్కున్నారు. మన ఎండల్లో ఆ చప్పిడి ముక్కుతో అది ఊపిరి ఎలా తీసుకుంటుందని ఎందరు అడిగి కొన్నారో!

మనిషి వెంట నడిచిన కుక్కల్లో నాకు అన్నిటికన్నా పెద్దది తిక్కన గారి మహాప్రస్థానిక పర్వంలోది. 1988లో మొదలైన దూరదర్శన్ మహాభారతం అంతదాకా రాకుండానే ముగిసింది. ద్రౌపదీ తమ్ముళ్లూ ఒక్కొక్కరే పడిపోయారు. చివరికి ధర్మరాజు వెంట మిగిలింది కుక్క ఒక్కటే. దాన్ని వదిలి రథమెక్కమన్నాడు ఇంద్రుడు. నమ్మి వచ్చినదాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ఆ కుక్క ధర్మదేవతేనని అప్పటికి ఆయనకు తెలియదు. ఆ మాట విలువంతా తెలియకుండా అనడంలోనే ఉంది. భారతం మొదట్లో కుక్క కోసం ఎవరూ నోరు విప్పలేదు, చివర్లో ఒకరు విప్పారు. ఆ రెంటి మధ్య పద్ధెనిమిది అక్షౌహిణులు పోయాయి.

ఇక చెబుతానన్న మాట. మన గంట కొట్టే తాత వెంట ఒక ఎర్ర కుక్క తిరిగేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం మన టిఫిన్ డబ్బాల అడుగు మెతుకుల కోసం గేటు దగ్గర కూర్చునేది. ఒకరోజు ఎవరో రాయి విసిరారు, దాని కాలు విరిగింది. ఎవరు కొట్టారని తాత తరగతి తరగతికీ వచ్చి అడిగాడు. ఎవరూ పలకలేదు. సరమ పాఠం చెప్పింది ఆ మర్నాడే. చివరిదాకా అది మూడు కాళ్ల మీదే ఆయన వెంట నడిచింది.

తాత ఇప్పుడు లేడు. మాస్టారు ఇక్కడే, ముందు వరసలో ఉన్నారు.

మాస్టారూ, ఆ రాయి వేసింది నేనే.