నొప్పి యెరుగని బిడ్డ - నాడీకణపు గ్రాహకము
(మన సంఘ భవనమున ఆదివారము సభలో చేసిన ప్రసంగ పాఠము)



గత సమావేశము ముగిసిన పిమ్మట ఒక తల్లి మమ్ము అడిగిన ప్రశ్నయే నేటి ప్రసంగమునకు కారణము. "అయ్యా, మా యింట మూడు తరములుగా మేనరికములే. పుట్టబోవు బిడ్డలకు దోషము వచ్చునని డాక్టర్లు భయపెట్టుచున్నారు. ఆ దోషమును ఎవరైనను కంటితో చూచినారా?" అని ఆమె ప్రశ్న. బొగ్గు గనుల పనికో, బల్లార్‌పూరు కాగితపు మిల్లు పనికో వచ్చి ఇచట స్థిరపడిన మన కుటుంబములు సంబంధములకు ఇప్పటికిని స్వగ్రామము వైపే, అందును మేనమామ గడప వైపే చూచుట మీరెరిగినదే. కావున ఒక్క ఉదాహరణముతో సమాధానము చెప్ప యత్నించెదము.

మన చంద్రపురపు మే నెలను తలచుకొనుడు. పాదరసము 45 డిగ్రీలు దాటిన నాడు మనలను కాపాడునది చెమట. ఆ చెమటయే పట్టని బిడ్డలు లోకమున బహు అరుదుగా పుట్టుచున్నారు. వారికి నొప్పియు తెలియదు. కాలిన పెనమును తాకినను చేయి తీయరు. పండ్లు మొలిచినంతనే నాలుకను, వ్రేళ్లను కొరుకుకొందురు. ఎముక విరిగినను ఏడ్వరు. ఎండ కాలమున కారణము తోచని జ్వరములు వచ్చును. వారి చర్మమున స్వేదగ్రంథులు ఉండును గాని, వానిని చేరవలసిన నాడులు ఉండవు.

ఏల లేవు? 1909లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున జన్మించిన రీటా లెవీ మొంటాల్చినీ యను విదుషి, యూదు కుటుంబమున పుట్టినందున 1938 నాటి శాసనములచే ఉద్యోగము కోల్పోయి, తన పడకగదిలోనే కోడిపిండములపై పరిశోధన సాగించెను. యుద్ధానంతరము అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున స్టాన్లీ కోహెన్‌తో కలిసి, లేత నాడులను పెంచు ఒక పదార్థమును పరిశీలించుచు దానిలో పాము విషము కలిపినారు. ఆ విషముననే ఆ పదార్థము మరింత మెండుగా ఉన్నదని తేలెను! (పాము కనబడినంతనే కర్ర వెదకు మనకిది వింతయే.) పిదప చిట్టెలుకల లాలాజల గ్రంథులలోను అది దొరికెను. దానిని కుందేళ్లకు ఎక్కింపగా వాని రక్తమున ప్రతిరక్షకములు పుట్టినవి. ఆ ప్రతిరక్షకములను అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఇచ్చినపుడు, చెమటను, గుండె వేగమును నడపు నాడుల ముడులు ఇంచుమించు మాయమయ్యెను. ఇది 1960 నాటి మాట. ఆ యిరువురికి 1986లో నోబెల్ బహుమానము లభించెను.

పదార్థమున్నంత మాత్రమున చాలదు. దానిని అందుకొను చేయి కావలెను. నాడీకణపు పైపొర మీద నుండు ఆ చేయినే గ్రాహకము అందురు. ట్రాక్-ఏ అను గ్రాహకము ఈ పని చేయునని 1991లో తేలెను. నొప్పి యెరుగని బిడ్డలలో దీని జన్యువే చెడినదని 1996లో జపాను పరిశోధకులు కనుగొనిరి.

ఈ గ్రాహకమును చూచుట ఎట్లు? దానికే అంటుకొను ప్రతిరక్షకమునకు రంగు కట్టి, పలుచగా కోసిన కణజాలముపై పోయుదురు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనువారు ఒకే తీరు ప్రతిరక్షకమును ఎంతైనను తయారు చేయు ఉపాయము చూపిరి. అయినను ఇచట మోసములు మెండు. ట్రాక్-ఏ, ట్రాక్-బి, ట్రాక్-సి అని ముగ్గురు అన్నదమ్ములు కలరు. కణము లోపలి కొసలు ముగ్గురివి ఒక పోలికవే గనుక, ఆ కొసకై చేసిన ప్రతిరక్షకము మువ్వురిని పట్టుకొనవచ్చును. మన సభలో "రావుగారూ!" అని పిలిచిన ఎందరు తల త్రిప్పుదురో చూడుడు. అదే వృద్ధి పదార్థమును పట్టు మరియొక గ్రాహకము పి-75. దానికై 1984లో వెలువడిన 192 అను ప్రతిరక్షకము పెద్ద ఎలుకలో చక్కగా పనిచేయును గాని, చిట్టెలుకలో పనిచేయదు. ఎలుక మారిన సంగతి మరచి రంగు రాలేదన్నచో, గ్రాహకమే లేదని పొరబడవలసి వచ్చును. నమ్మరాని ప్రతిరక్షకముల వలన ధనమును, కాలమును వ్యర్థమగుచున్నవని 2015లో 'నేచర్' పత్రికలో ఇరువురు శాస్త్రజ్ఞులు వ్రాయగా, మరి 110 మంది సంతకములు చేసిరి.

పరీక్ష యొక్కటే: గ్రాహకము లేని ప్రాణిలో ఆ ప్రతిరక్షకము ఏ రంగును చూపరాదు. ట్రాక్-ఏ లేని చిట్టెలుకలను 1994లో సృష్టించిరి. కోరిన జన్యువును కోరిన చోట మార్చు ఇట్టి పద్ధతులకు బాట వేసినవారిలో మన కాకినాడలో జన్మించిన కూచెర్లపాటి రాజుగారు ఒకరు. ఆయన 1985లో ఆలివర్ స్మితీస్‌తో కలిసి, మానవ కణమున నిర్దేశించిన తావుననే డి.ఎన్.ఏ. ముక్కను చేర్చి చూపిరి. ఈ మాట చెప్పుటలో మాకు కొంత స్వాభిమానము కలదని ఒప్పుకొనెదము.

అమ్మా, ఇక మీ ప్రశ్న. అవును, కంటితో చూచినారు. అట్టి బిడ్డల చర్మపు ముక్కకు నాడులను చూపు ప్రతిరక్షకమును పూసిన, నాడులు చేరని స్వేదగ్రంథులు కనబడినవి. తల్లికొకటి, తండ్రికొకటి చెడిన ప్రతి యున్నపుడు వారికేమియు కాదు. ప్రతి కాన్పునకును 4లో 1 వంతు బిడ్డకు రెండును సంక్రమింపవచ్చును. మేనబావ మరదళ్లకు జన్యువులలో సగటున 8లో 1 వంతు ఉమ్మడి. మేనమామకు మేనకోడలికి 4లో 1 వంతు. కనుకనే చెడిన ప్రతులు రెండును ఒకచోట కలియు అవకాశము మేనరికమున హెచ్చు. అంతమాత్రమున ప్రతి మేనరికమునను దోషము పుట్టునని కాదు. మీ యింట పిల్లలు చక్కగా ఉన్నారుగదా.

ఈ ప్రతిరక్షకములు పరిశోధనాలయమునకే. ఈ వ్యాధిని నిర్ధారించుటకు నేడు జన్యు పరీక్ష కలదు. ఎండలో చెమట పట్టక మాటిమాటికి జ్వరము వచ్చు పసిబిడ్డను, దెబ్బ తగిలినను ఏడ్వని బిడ్డను "ఓర్పు గలవాడు" అని మెచ్చుకొని ఊరకుండక, పిల్లల వైద్యునికి ఆ రెండు సంగతులును కలిపి చెప్పుడు. వంశమున అట్టి బిడ్డ ఉన్నచో, సంబంధము ఖాయపరచుటకు ముందే ఆ మాట చెప్పుడు.