తాత జేబు గడియారం బంగారమేనా? మూత తెరిచి చూడండి

కొత్తగూడలో మా రూమ్ నుంచే మాట్లాడుతున్నా. హారన్లు వినిపిస్తే సారీ. కిటికీ మూస్తే చెమట, తెరిస్తే ట్రాఫిక్.

ఇవాళ నా చేతిలో ఉన్నది పాకెట్ వాచ్. మా అమ్మమ్మ వాళ్ల నాన్నది. వెనక మూత చూడండి, దగ్గరికి తెస్తా. తీగలు, ఆకులు చెక్కారు. మధ్యలో డాలు ఆకారంలో కొంచెం ఖాళీ వదిలి, అందులో ఆయన పేరులోని రెండు ఇంగ్లిష్ అక్షరాలు వేశారు.

అమ్మమ్మ పోయాక పంపకాల్లో దీన్ని బంగారం కిందే లెక్కేశారు. గొలుసు చిన్నమ్మకి, వాచీ అమ్మకి. గొలుసు నాలుగు తులాలు. వాచీ మొత్తం ఎనిమిది తూగింది, లోపలి మిషన్ పోతే నాలుగు ఉంటుందిలే, సమానమే అన్నారు పెద్దలు. చిన్నమ్మ మాత్రం నమ్మలేదు. అక్కకే ఎక్కువ ముట్టిందని మనసులో పెట్టుకుంది. పదకొండేళ్లుగా పండగకి వస్తారు, తింటారు, పోతారు. అంతే.

పోయినేడు నేను జాబ్ మానేశా కదా, కెమెరాకి లెన్స్ కావాలి. అమ్మ బీరువాలోంచి దీన్ని తీసి, "అమ్ముకో బిడ్డా, ఊరికే పడుంది" అంది.

షాపులో మిషన్ మీద పెట్టారు. 10 క్యారెట్ చూపించింది. ఆ మిషన్ ఎక్స్‌రేతో చదువుతుంది, అది కూడా పైపొరనే. నాకప్పుడు తెలీదు. తక్కువ క్యారెట్ అయినా బంగారమే అని సంబరపడ్డా. అక్కడ కూర్చున్న పెద్దాయన ఒకరు గోటితో వెనక మూత తెరిచి, భూతద్దం నాకిచ్చి, చదువుకో అన్నారు.

లోపల డెనిసన్ అనే కంపెనీ పేరు, 'మూన్' అనే మాట, కింద చిన్న అక్షరాల్లో గ్యారంటీ. రెండు బంగారు రేకుల మధ్య వేరే లోహం పెట్టి చేశాం, 20 ఏళ్లు అరగదు అని. అంటే శాండ్‌విచ్ అన్నమాట! మోసం కూడా కాదు, రాసి మరీ అమ్మారు. మనవాళ్లే ఎప్పుడూ తెరవలేదు.

డెనిసన్ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ కంపెనీ, కేసులు చేసేది. గడియారం లోపలి మిషన్ ఒకరిది, పైన కేసు ఇంకొకరిది కావడం అప్పట్లో మామూలే. ఈ రేకుల పద్ధతికి 1859లో అమెరికాలో జేమ్స్ బాస్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. వేడి, ఒత్తిడితో రేకుల్ని కలిపేయడమే. అసలు బంగారం కొనలేని గుమస్తాలు, మేస్టార్లు కూడా జేబులో బంగారు రంగు పెట్టుకోగలిగారు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ముందు మూత లోపల చూడండి. స్విస్‌వి అయితే 18 క్యారెట్‌కి 0.750, 14కి 0.585 ముద్ర ఉంటుంది. 1880 తర్వాతి వాటిలో 18 మీద స్త్రీ తల బొమ్మ, 14 మీద ఉడుత బొమ్మ. అవును, ఉడుతే. 'ఇన్నేళ్లు గ్యారంటీ' అని కనిపిస్తే అది ముద్ద బంగారం కాదు. బంగారానికి ఏళ్ల గ్యారంటీ ఎందుకు? అంచులు, కీళ్లు కూడా చూడండి, వేలు తగిలి తగిలి ఇత్తడి రంగు బయటపడుతుంది. ఇంకోటి, 'ఆంక్ర్', 'సిలిండ్ర్' అని రాసుంటే బ్రాండ్ అనుకొని డబ్బులు పెట్టకండి. అవి లోపలి మిషన్ రకాలు.

నాకు ఇంకా పెద్ద బాధ వేరే ఉంది. బంగారం రేటు పెరిగినప్పుడల్లా నిజమైన బంగారు కేసులు కరిగిపోతాయి. ఆకులు, తీగలు, ఎవరిదో పేరు, అన్నీ ముద్ద. కేసు లేని మిషన్లు మాత్రం డబ్బాలో మిగులుతాయి. మాది ముద్ద బంగారం అయ్యుంటే నేనూ ఆ రోజే కరిగించేవాణ్ణి. నిజం చెప్తున్నా.

తర్వాత హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగి సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్లా. శుక్రవారం వెళ్లకండి, సెలవు. అందరూ గంట కొట్టే బొమ్మ దగ్గర గుంపు కడతారు, అదేనండి, కుక్ అండ్ కెల్వీ గడియారం. నేనూ చూశా, బాగుంటుంది. మిగతా గడియారాల ముందు ఎవరూ ఉండరు, తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నమ్మకి చెప్పకు. ఇన్నేళ్లు నాకే ఎక్కువొచ్చిందనుకుంది. ఇప్పుడు ఇది బంగారమే కాదంటే ఇంకా కుములుతది" అంది. తనకి తక్కువ వచ్చిందన్న మాటే రాలేదు ఆమె నోట.

మూత లోపల సూదితో గీసినట్టు సన్నటి గీతలు, అంకెలు కూడా ఉన్నాయి. రిపేరు చేసిన ప్రతివాడూ తన గుర్తు గీసుకునేవాడట. మూడు గుర్తులున్నాయి. అంటే తాత దీన్ని కనీసం మూడుసార్లు బాగు చేయించాడు. నేనూ చేయించా. ఆయిల్, క్లీనింగ్, కొత్త స్ప్రింగ్. లెన్స్ వచ్చే నెల చూద్దాం.

అమ్మ ఒప్పుకునేదాకా ఈ వీడియో ఆపా. మొన్న రాత్రి తనే ఫోన్ చేసి చిన్నమ్మకి అంతా చెప్పింది. స్పీకర్‌లో విన్నా నేను. అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత చిన్నమ్మ, "నడుస్తుందా అక్కా అది?" అని అడిగింది.

ఆదివారం వాళ్లింటికి తీసుకెళ్తున్నాం. కీ ఇచ్చి పెట్టా. ఇదిగో, మైక్ దగ్గర పెడతా, వినండి.