గోడ దాటుట కెంత కాలము?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



దాటుటకు చాలినంత శక్తి లేని సూక్ష్మకణము అడ్డుగోడ కావలివైపున కనబడుటను శాస్త్రజ్ఞులు ‘క్వాంటం టన్నెలింగ్’ అందురు. టన్నెలనగా సొరంగము. ఇల్లందు, కొత్తగూడెము గనుల నెరిగిన మనకు ఆ మాట వినగానే త్రవ్వకము తోచును. ఇచట త్రవ్వునదేమియు లేదు. గోడకు కన్నము పడదు. కణమునకు శక్తి వ్యయము కాదు. సూక్ష్మకణమునకు తరంగ స్వభావము కలదు. ఆ తరంగము గోడలో క్షీణించుచునే కొంత ఆవలికి చేరును. కణము ఆవల కనబడుటకు గల అవకాశము ఆ కొంతయే.

మన అశ్వాపురములో గోదావరి నీటినుండి తీయు భారజలము, యురేనియమును ఇంధనముగా వాడు అణువిద్యుత్కేంద్రములకు పోవును. ఆ యురేనియమే మనకు మొదటి సాక్షి. దాని కేంద్రకమును చుట్టియున్న విద్యుద్బలమే గోడ. ఆల్ఫాకణము దానిని ఈ రీతినే దాటి వెలువడునని 1928లో గామోవును, వేరుగా గర్నీ, కాండన్‌లును వివరించిరి. యురేనియము–238 రాశిలో సగము తరుగుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. కణము గోడలో అన్నియేండ్లు ప్రాకుచుండునని కొందరు తలతురు. అది పొరపాటు. లెక్క ప్రకారము ఆ కణము సెకనుకు సుమారు కోటి కోటి కోటి మారులు గోడను తాకి వెనుకకు మరలుచుండును. ఆ యేండ్లు నిరీక్షణ కాలమే గాని దాటు కాలము కాదు. మన బీరువాలోని గ్రంథము పాఠకునికై ఇరువదియేండ్లు వేచియుండవచ్చును. గడప దాటుటకు క్షణము చాలును. ఈ రెండు పద్దులను కలిపి వ్రాయరాదు.

మరి దాటు కాలమెంత? గోడ మందము ఒక మేర మించిన పిదప ఆ కాలము పెరుగదని 1962లో హార్ట్‌మన్ లెక్క చూపెను. కాంతికంటె వేగముగా వార్త పంపవచ్చునను వదంతికి అది ఊతమైనది. కాని మందపు గోడను దాటునవి అత్యల్పము. ఏ వార్తయు కాంతిని మించి పోదు.

2019లో ఆస్ట్రేలియాలో సత్యసాయినాథ్ ప్రభృతులు, లేసరు కాంతిచే ఉదజని పరమాణువునుండి వెడలు ఎలక్ట్రానునకు ఆలస్యము 1.8 ఆటోసెకన్లకు మించదని తేల్చిరి. సెకనును కోటికోటి భాగములు చేసి, అందొక భాగమును మరల పదివేలు చేసినచో ఆటోసెకను. 2020లో టొరంటోలో స్టైన్‌బర్గు బృందము, మిక్కిలి చల్లార్చిన రుబీడియము పరమాణువులు కాంతితో కట్టిన గోడలో సుమారు 0.61 మిల్లీసెకను గడిపినవని కొలిచెను. ఒకరినొకరు ఖండించినట్లు తోచును. కాని కణము వేరు, గోడ వేరు, ప్రశ్నయు వేరు. మొదటివారు ‘ఎంత ఆలస్యముగా వెలువడెను?’ అని, రెండవవారు ‘లోపల ఎంతసేపుండెను?’ అని అడిగిరి.

కావున ‘ఎంత కాలము?’ అనువాడు ముందు ఏ కాలమో, ఏ గడియారముతో కొలిచినదో తెలుపవలెను. పద్దు తెలియని అంకె లెక్కలోనికి రాదు. అచ్చులో కనబడు ప్రతి వింతను ఇట్లు ప్రశ్నించు పాఠకులే ఈ గ్రంథాలయమునకు స్థిరాస్తి. వారి సంఖ్య దినదినము వర్ధిల్లుగాక!