మామిడి తాండ్ర



ఎండాకాలంలో మామిడి పండ్లన్నీ ఒక్కసారే పండుతాయి. ధర పడిపోతుంది. అమ్ముడుపోనివి కుళ్లిపోతాయి. అదే పండుతో తాండ్ర చేస్తే నెలల తరబడి నిలవ ఉంటుంది. గోదావరి ఒడ్డున ఆత్రేయపురం తాండ్రకు పేరు పడ్డ ఊరు.

బాగా మాగిన పండ్లు కడగాలి. కుళ్లు పట్టినవి తీసెయ్యాలి. రసం పిండాలి. పలుచటి గుడ్డలో వడకడితే పీచు పోతుంది. 4 గ్లాసుల రసంలో 1 గ్లాసు పంచదార కరిగించాలి. బెల్లమైనా సరే. నెయ్యి రాసిన పళ్లెంలో పలుచగా పొయ్యాలి. ఈగలు వాలకుండా పైన పలుచటి బట్ట కట్టాలి. ఎండలో పెట్టాలి.

అసలు కిటుకు ఇక్కడుంది. మొదటి పొర ఎండాకే రెండో పొర పొయ్యాలి. వేలు పెడితే అంటుకోకూడదు. తొందరపడితే లోపల తడి మిగులుతుంది. బూజు పడుతుంది. కష్టమంతా మట్టిపాలే! రోజుకొక పొర చాలు. మబ్బు పడితే ఆ రోజు కొత్త పొర వద్దు. మందంగా అయ్యాక బాగా ఎండనిచ్చి, ముక్కలు కోసి, తడి లేని డబ్బాలో పెట్టాలి.

అమ్మాలనుకుంటే పండ్ల ఖర్చు, పంచదార ఖర్చు పుస్తకంలో రాయండి. మీ కూలి కూడా రాయండి. దాన్ని మరవొద్దు. ఆ లెక్క చూసి ధర చెప్పండి. అప్పుడు బేరగాడు అన్న ధరకల్లా తల ఊపక్కర్లేదు.